తొలి బొట్టు

“ఆ కాగితం దేవుని గూట్లో పెట్టేది గాదు. తీయ్,” అన్నాడు శేషయ్య.

వాసవి తీయలేదు. కుంకుమ భరిణె పక్కన, దీపపు కుంది కింద మడిచి పెట్టిన రిపోర్టు అక్కడే ఉంది. శుక్రవారం పూజ అయ్యి గంట కూడా కాలేదు. కర్పూరం వాసన ఇంకా ఇల్లు వదల్లేదు.

“అది కుంకుమ సంగతి రాసిన కాగితమే మామా. అందుకే ఆడ పెట్టినా.”

“మాట తిన్నగా రానీ.”

“తిన్నగానే వస్తాంది.”

నంద్యాల గాంధీ చౌక్‌లో ముప్పై ఎనిమిదేళ్లుగా పసుపు కుంకుమలు అమ్ముతున్న మనిషితో ఆ ఇంట్లో ఎవరూ ఇట్లా మాట్లాడలేదు. కోయిలకుంట్ల నుంచి పాణ్యం దాకా ఏ ఇంట్లో పెళ్లయినా పేరంటమయినా ‘శేషయ్య కుంకుమ’ అని పేరు చెప్పి అడిగి తెచ్చుకుంటారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆయన వెన్ను ఇంకొంచెం నిటారుగా అవుతుంది. వేరే ఎవరయినా అయితే ఊరు పొగరు అనేది. శేషయ్యకు మాత్రం అది తగునని ఒప్పేసుకుంది.

“మన కుంకుమ వల్లనే నీ నుదురు నల్లబడిందని ఎవరు చెప్పినారు?”

“డేనియల్ డాక్టరు. తల వెంట్రుకల పక్కన గింజంత చర్మం తీసి పరీక్షకు పంపినాడు. వీపు మీద నాలుగు బిళ్లలు అతికించినాడు. ఒకదాంట్లో మన కుంకుమ. ఒకదాంట్లో స్టిక్కరు బొట్టు జిగురు. ఒకదాంట్లో ఒట్టి పసుపు. ఇంకోదాంట్లో మనం కలిపే రంగు పొడి. జిగురూ పసుపూ నన్నేం చేయల్యా. మనవి రెండూ దద్దురు లేపినాయి. రంగు పొడిది ఎక్కువ లేచింది.”

వంటింట్లోంచి సుశీల గొంతు వచ్చింది. శేషయ్య భార్య ఆమె. “అందుకేనా పోయిన శుక్రవారం నువ్వు తలంటుకోనిది? జలుబు అంటివే.”

“వీపు తడపగూడదన్నారత్తా. నీతో అబద్ధం చెప్పినా.”

“రంగు పొడి నీకు యాడిది?” శేషయ్య గొంతు తగ్గింది. ఆయన గొంతు తగ్గితేనే ఇంట్లో వాళ్లకు భయం. “గోడౌను తాళం నా మొలతాడుకు ఉంటాది.”

అన్నం ముందు కూర్చున్న మురళీధర్ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. ముప్పై నాలుగేళ్లు నిండినా తండ్రి ముందు నాలుగు మాటలకు మించి మాట్లాడిన పాపాన పోలేదు.

“నేనిచ్చినా నాయనా,” అన్నాడు.

“నువ్వా.”

“నీవు నిద్దరపోయినప్పుడు తాళం తీసుకుంటి. దాని నుదురు రోజూ చూసేది నేనే గదా.”

శేషయ్య కొడుకును చూసిన చూపులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. పెళ్లయిన ఏడేళ్లలో వాడు భార్య తరఫున మాట్లాడటం ఆయన వినడం ఇదే మొదలు.

“ఇన్నేండ్లు అమ్ముతాండా. ఒక్క ఆడమనిషన్నా వచ్చి, శేషయ్యా నీ కుంకుమ నా మొగం చెడగొట్టింది అనిందా? ఒక్కరు?”

“అనరు మామా. మంగు అనుకుంటారు. పౌడరు పూసుకుంటారు. ఎవరు వచ్చి చెప్తారు?”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

సుశీల పొద్దున లేస్తూనే ముఖం కడిగి, తడి ఆరకముందే పసుపు రాస్తుంది, ఆపైన పౌడరు అద్దుతుంది. అవి రెండూ లేని ఆమె ముఖాన్ని చూసినవాళ్లు ఆ ఇంట్లో లేరు. అందగత్తె గనక అంత శ్రద్ధ అని చుట్టాలు అనుకుంటారు. ఆమె కాదనలేదు.

“ఎల్లుండి పొద్దున శ్రీశైలానికి బండి పోతాంది,” అన్నాడు శేషయ్య. “శివరాత్రి సరుకు. డబ్బాలన్నీ నిండినాయి. తొలి బొట్టు నువ్వు పెట్టుకోవల్ల, అంగడి ముందర, అందరూ చూస్తాండంగా.”

అది ఆ అంగడి ఆనవాయితీ. కొత్తగా కుంకుమ కలిపిన ప్రతిసారీ మొదటి చిటికెడు ఇంటి కోడలు పెట్టుకుంటుంది. ఆ తర్వాతే సరుకు గడప దాటుతుంది. ఇరవై తొమ్మిదేళ్లు సుశీల పెట్టుకుంది. ఆ తర్వాత ఏడేళ్లుగా వాసవి పెట్టుకుంటోంది. ‘మా కోడలు పెట్టుకోనిది మీకు అమ్మం’ అని శేషయ్య చెప్తుంటే కొనేవాళ్లు మురిసిపోయేవాళ్లు. ఆ మాటలో అబద్ధం ఒక్క వీసం కూడా లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

“నేను పెట్టుకోను,” అంది వాసవి.

“నువ్వు పెట్టుకోకుంటే బండి కదల్దు.”

“కదలనీయొద్దు మామా. నేనడిగేది అదే.”

శేషయ్య కండువా భుజాన వేసుకుని మెట్లు దిగి అంగట్లోకి పోయాడు. మురళి చెయ్యి కడుక్కుని తండ్రి వెనకే పోయాడు, కానీ నాలుగు మెట్ల దూరంలో.

సుశీల వంటింట్లోంచి వచ్చింది. దేవుని గూట్లోంచి రిపోర్టు తీసింది. కోడల్ని తిడుతుందనే అనుకుంది వాసవి.

“ఈ డాక్టరు రేపు ఉంటాడా?” అని అడిగింది సుశీల.

* * *

“నాకేం లేదు సార్. పిల్లకు తోడు వచ్చినా,” అంది సుశీల కుర్చీలో కూర్చుంటూనే.

డేనియల్ డాక్టరు యాభై దాటిన మనిషి. రోగి అబద్ధం చెప్తే తొందరపడి పట్టుకోడు. మైక్రోస్కోపు కింద గాజుపలక పెట్టి, పక్కనున్న తెరను వాళ్లిద్దరి వైపు తిప్పాడు.

తెర మీద గులాబీ రంగు, ఊదా రంగు. డిగ్రీలో ఉల్లిపొరను ఇట్లాగే చూసింది వాసవి. ఇప్పుడు చూస్తున్నది తన నుదుటి ముక్కనేనని తెలిసి చేత్తో నుదురు తడుముకుంది.

“ఈ పైపట్టీ పైచర్మం,” అన్నాడు డాక్టరు. “దీనికి అడుగున ఒక వరుస కణాలుంటాయి. మన ఒంటి రంగు తయారయ్యేది ఆ వరుసలోనే. ఇటుకలు పేర్చినట్టు తీరుగా ఉండల్ల. ఇవి చూడండి, ఉబ్బిపోయి లోపల బుడగలు పడినాయి. రంగు పొడి ఒంటికి సరిపడలేదు. ఒళ్లు దానిమీదికి యుద్ధానికి పోయి తన వరుసనే దెబ్బతీసుకుంది.”

“ఈ గోధుమ రంగు ముద్దలు?”

“వరుస దెబ్బతినేసరికి అందులో ఉండాల్సిన రంగు కిందికి జారిపోయింది. కింద చెత్త ఊడ్చే కణాలు ఉంటాయి. అవి దాన్ని మింగినాయి. మింగినాయి గానీ అరిగించుకోలేక ఆడనే కూచున్నాయి. రక్తనాళాల చుట్టూ ఈ ముదురు చుక్కలు చూడండి, అవి తెల్లకణాలు. అంటే గొడవ ఇంకా ముగియలేదు.”

సుశీల తెర మీదికి వంగింది. “ఇది చూసేదానికి గోధుమ రంగుగా ఉంది గదా సార్. బయటికి నీలం కలిసిన బూడిద రంగు ఎట్ల వస్తాంది?”

“రంగు పైన ఉంటే గోధుమగానే కనపడుతుంది. లోతుకు పోతే బూడిదగా, నీలంగా కనపడుతుంది. అందుకే పైన ఏం రాసినా దానికి అందదు.”

“శనగపిండి రుద్దితే? పదేండ్లు రుద్దినా పోదా?”

డాక్టరు తెర మీదినుంచి చూపు తిప్పాడు. వాసవి నుదుటి మచ్చ రెండేళ్లదే.

“ఎవరు రుద్దినారమ్మా పదేండ్లు?”

సుశీల బల్ల మీది నీళ్ల సీసా తీసుకుని కొంగు తడుపుకుంది. నుదురు తుడుచుకుంది. మళ్లీ తడిపి గొంతు కింద తుడుచుకుంది. పసుపు, పౌడరు, పొద్దుటి కుంకుమ కలిసి కొంగుకు అంటుకున్నాయి.

ఏడేళ్లు ఒకే కప్పు కింద బతికినా వాసవి ఆ ముఖాన్ని అప్పుడే మొదటిసారి చూసింది. కనుబొమల నడుమ మొదలై పాపిట దాకా పలకరంగు మచ్చ. అంచుల దగ్గర వల మాదిరిగా విడిపోతూ చర్మంలో కలిసిపోయింది. తాళిబొట్లకు కుంకుమ పెట్టుకునే చోట, గొంతు గుంట కింద, అదే రంగులో ఇంకొకటి.

డాక్టరు టార్చి వేసి చూశాడు. “దురద ఉండేదా?”

“మొదట్లో. ఎండకు పోతే మంట గూడా. నాలుగేండ్లకు దురద పోయింది, నలుపు నిలబడింది.”

“మంగు అయితే ఎక్కువగా బుగ్గల మీద, రెండు పక్కలా గోధుమగా వస్తుంది. మీ బుగ్గలు శుభ్రంగా ఉండాయి. మీకు బొట్టు పెట్టే చోట వచ్చింది, పాపిట్లో వచ్చింది, తాళి తగిలే చోట వచ్చింది. ముక్క తీసి చూడకముందే సగం సంగతి చర్మమే చెప్తాంది.”

“మా ఆడబిడ్డ అనింది, ఏదో నోములో తప్పు చేసింటానని,” అంది సుశీల. “నిజమే ఏమో అనుకుంటి. మూడు తూర్లు ఆ నోము మళ్లీ చేసినా. ప్రతి తూరీ ఇంకా ఎక్కువ కుంకుమ పెట్టుకుంటి.”

ఆమె ఏడవలేదు. ఆమెకు చాలా కోపం వచ్చింది. ఆ కోపంతో పాటే, మచ్చ మొదలైన పద్దెనిమిదేళ్ల తర్వాత, మనసు తేలికయింది.

“నేనేం తప్పు చేయల్యా,” అంది, ఎవరితోనో వాదన గెలిచినట్టు.

“చేయలేదమ్మా. ఇప్పుడు చేయాల్సింది చెప్తా. నాలుగు నెలలు నుదుటి మీద ఏ కుంకుమా వద్దు. ఎండ తగలనీయొద్దు. మందు రాస్తా. కోడలిది బాగా తగ్గుతుంది. మీది శానా పాతది, తగ్గుతుందంటా గానీ పూర్తిగా పోతుందని మాటివ్వను.”

“నేను ముత్తైదువను సార్.”

డాక్టరు చీటీ రాస్తూ అడిగాడు. “ఈ రంగు పొడి కలపకముందు మీ కుంకుమ ఎవరు చేస్తాండిరి?”

సుశీల కొంగు దులుపుకుని లేచింది. “ఆళ్లగడ్డలో ఓబులమ్మ. వాసవీ, పద. బస్సుంటాది.”

* * *

బస్సు శిరివెళ్ల దాటింది. కోత అయిపోయిన శనగ చేలు నల్లగా, బోసిగా ఉన్నాయి. సుశీల కొంగు నుదుటి మీదికి లాక్కుని కిటికీ పక్కన కూర్చుంది.

ఆళ్లగడ్డ బస్టాండు వెనక రెండు సందులు దాటితే ఓబులమ్మ ఇల్లు. డెబ్బై ఏళ్ల మనిషి, ఎండలో కాళ్లు చాపుకుని చింతపండు గింజ తీస్తోంది. నుదుట కాణీ అంత బొట్టు, ముదురు ఎరుపు. దాని చుట్టూ చర్మం మిగతా ముఖం రంగులోనే ఉంది.

“మొగం ఏందమ్మా ఇట్లైంది?” అంది పలకరింపుగా.

“మన కుంకుమేనంట ఓబులమ్మా.”

“మన అనాకు. మీది. నాది మనిషిని యాడా తినల్యా.” తన నుదుటిని వేలితో చూపించింది. “పదేండ్లప్పుడు మాయమ్మ పెట్టింది. మొగుడు పోయినంక గూడా తీయల్యా. ఎవరేమన్నా పడల్యా. చూడు, యాడన్నా మచ్చుందా?”

వాసవి దగ్గరికి పోయి నిజంగానే చూసింది. లేదు.

“ఏమేం వేస్తావవ్వా?”

“పసుపు కొమ్ములు, నిమ్మరసం, పటిక, వెలిగారం. నీడలో ఆరబెట్టల్ల, రోట్లో దంచల్ల, ఆఖర్న చెంచా నెయ్యి. ఎండలో పెడితే రంగు చస్తాది. తొందరగా కావల్లంటే కాదు. అందుకే గదా మీ ఆయనకు పనికిరాకుండా పోయింది.”

సుశీల వాకిట్లోనే కూర్చుంది. “మళ్లీ చేసిస్తావా?”

“నువ్వడిగితే చేయను. ఆయప్ప వచ్చి అడగల్ల.”

“ఆయన రాడు.”

“నా మూటను నంద్యాల బస్టాండు నుంచే తిప్పి పంపిచ్చినాడు, విప్పి గూడా చూడకుండా. మాసిన గుడ్డ మాదిరి ఉంటాదంట నా కుంకుమ. నలుగురిలో అన్న మాట. ఈడికి వచ్చి, నలుగురిలో అడగల్ల. నా చేతిలో పనికి ఆ మాత్రం మర్యాద ఉంది.”

సుశీల బతిమాలలేదు. లేచి దండం పెట్టింది. తన వాళ్లు కాని మనిషికి సుశీల దండం పెట్టడం వాసవి ఎప్పుడూ చూడలేదు.

సాయంత్రం ఇల్లు చేరాక సుశీల ఆ సంగతి భర్తకు చెప్పింది, ముఖానికి కొంగు కప్పుకునే. “ఓబులమ్మ మీరు వచ్చి అడిగితేనే చేస్తాదంట.”

“నేనా? ఆళ్లగడ్డకా?” శేషయ్య నవ్వాడు. “పండగ సరుకు వాకిట్లో పెట్టుకుని ముసలిదాని కాళ్లకాడికి పోవల్లనా? పేరు వట్టిగా రాలేదు సుశీలా. నలభై ఏండ్లు పట్టింది.”

“నాకు తెలుసు. ఆ పేరు నేను మొగాన మోసినా.”

ఆ మాట ఆయనకు అర్థం కాలేదు. చెప్పమని ఆయన అడగలేదు, చెప్తానని ఆమె అనలేదు.

* * *

ఆదివారం ఎనిమిది గంటలకే అంగడి ముందు వ్యాను నిలబడింది. డబ్బాలు ఎక్కించడం అయిపోయింది. డ్రైవరు ఎలీషా తాళ్లు బిగిస్తున్నాడు. పక్క అంగళ్ల వాళ్లు వచ్చారు, పండగకు కుంకుమ కొనే ఆడవాళ్లు ఏడెనిమిది మంది వచ్చారు. తొలి బొట్టు చూసి కొనడం వాళ్లకూ అలవాటే.

చలువ పంచె కట్టుకున్న శేషయ్య స్టూలు మీద కొత్త డబ్బా పెట్టి మూత తీశాడు. ఎర్రటి ఎరుపు. చూసినవాళ్ల కళ్లు అక్కడే నిలిచేంత ఎరుపు. ఆయనకు ఎప్పటిలాగే ఛాతీ నిండింది.

“వాసవీ,” అని పిలిచాడు మెట్ల వైపు.

మెట్లు దిగి వచ్చింది సుశీల. పట్టుచీర కట్టుకుంది, తల్లో పూలు పెట్టుకుంది. ముఖాన పసుపు లేదు, పౌడరు లేదు. బొట్టు లేదు. కొంగు భుజం మీదే ఉంది.

ఎలీషా చేతిలోంచి తాడు జారింది. ఆడవాళ్లలో ఒకామె “అయ్యో, ఏమైందమ్మా” అంది నెమ్మదిగా. వాసవి మెట్ల పైనే నిలబడి రెయిలింగు గట్టిగా పట్టుకుంది. తనను రావద్దన్నది అత్తే.

“లోపలికి పో,” అన్నాడు శేషయ్య పళ్ల బిగువున. “పండగ పూట బొట్టు లేకుండా బజార్లోకి వస్తావా?”

“బొట్టు లేదు. మచ్చ ఉంది. బాగా చూడండి.”

చూడక తప్పలేదు ఆయనకు. పొద్దుటి వెలుతురు నేరుగా ఆమె నుదుటి మీద పడుతోంది. ఎన్ని వేల నుదుళ్లకు కుంకుమ అమ్మాడో ఆయనకే తెలియదు. ఈ ఒక్క నుదురు ఇట్లా ఉందని కూడా తెలియదు.

“ఎప్పటినుంచి ఇది?”

“మీరు రంగు పొడి తెచ్చిన యేడు నుంచి.”

“నాకు చెప్పల్యా.”

“మీరు అడగల్యా.”

బజార్లో ఆటోలు పోతూనే ఉన్నాయి. అంగడి ముందు మాత్రం ఎవరూ కదల్లేదు. సుశీల తల దించుకోలేదు. ఆ ఇంటికి కోడలుగా వచ్చిన రోజున కూడా ఆమె అంత నిండుగా నిలబడి ఉండదు.

“తొలి బొట్టు ఇన్నేండ్లు నేను పెట్టుకుంటి. తర్వాత పిల్ల పెట్టుకుంది. ఈ తూరి మీరు పెట్టుకోండి,” అంది. “మీరు పెట్టుకుంటే బండి శ్రీశైలం పోనీండి. నేను అడ్డం రాను.”

మురళి ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు.

శేషయ్య నవ్వబోయాడు. అదెంత పని, అనుకున్నాడు. నా కుంకుమ నేను పెట్టుకోలేనా. ఉంగరపు వేలు డబ్బాలో ముంచి పైకి తీశాడు. నుదుటి దాకా తెస్తూ, అలవాటుగా, కొనేవాళ్ల వైపు చూశాడు.

ఏడెనిమిది మంది ఆడవాళ్లలో ముగ్గురు కొంగులు నుదుటి మీదికి లాక్కుంటున్నారు. ఒకామె అయితే తలే దించేసుకుంది. పదేళ్లుగా తన దగ్గరే కొంటున్న మనిషి ఆమె. కొంగు కింద ఏముందో ఇప్పుడు శేషయ్యకు చెప్పక్కర్లేదు.

వేలు గాల్లోనే ఉండిపోయింది. తర్వాత ఆ వేలును, మడత నలగనివ్వని తన చలువ పంచెకే, ఇంత పొడుగున తుడుచుకున్నాడు. డబ్బా మూత పెట్టాడు.

మురళి చేతిలో ఫోను మోగింది. “శ్రీశైలం వాళ్లు నాయనా. బండి బయల్దేరిందా అంటాండారు. ఏం చెప్పల్ల?”

శేషయ్య నడుచుకుంటూ పోయి వ్యాను ముందు తలుపు తీసి ఎలీషా పక్క సీట్లో కూర్చున్నాడు. ఎవరి వైపూ చూడలేదు. వెన్ను ఎప్పటిలాగే నిటారుగా ఉంది.

“ఓబులమ్మ ఇల్లు నాకు తెలీదు,” అన్నాడు. “దావ తెలిసినోళ్లు ఎవరన్నా ఎక్కండి.”